ఎరిక్ లిడ్డెల్: పరుగు నేర్చినవాడు, పరుగు నేర్పినవాడు

ప్రతి సంవత్సరము మన పాఠశాలలో ఆటల పోటీలు సమీపించునప్పుడు ఉపాధ్యాయుల గదిలో ఒక వాదము తప్పక పుట్టును. గట్టిగా కేకలు వేసి, తప్పు చేసినప్పుడెల్ల మందలించి, గెలుపుమీదనే దృష్టి నిలిపినగాని బాలురు పరుగెత్తరని కొందరందురు. భుజము తట్టి, మెల్లగా చెప్పి, కొంత వాని ఇష్టమునకు విడిచినగాని పరుగు రాదని మరికొందరందురు. ఈ వాదమును తీర్చుటకు శిక్షణ శాస్త్రములను వెదకుటకంటె ఒక మనుష్యుని బ్రతుకును చూచుట మేలని తోచి, ఎరిక్ లిడ్డెల్ చరిత్రమును ఈ సంచికకు వ్రాయ పూనుకొంటిని. ఈయన మొదట ఒకని చేతిక్రింద పరుగు నేర్చెను. పిమ్మట తానే అనేకులకు ఆట నేర్పెను. రెండు వైపులనుండియు చూడదగిన జీవితము ఇట్టిది అరుదు. 1981లో వెలువడిన ఆంగ్ల చలనచిత్రము మూలమున ఈయన పేరు మన విద్యార్థులలో కొందరెరుగుదురు. చిత్రము చక్కనిదే గాని, జరిగినది జరిగినట్లు చూపని చోట్లు అందు కొన్ని కలవు. వాటిలో ముఖ్యమైనదానిని సందర్భము వచ్చినప్పుడు చెప్పెదను.

ఎరిక్ హెన్రీ లిడ్డెల్ 1902వ సంవత్సరము జనవరి 16వ తేదీన చైనా దేశమందలి టియెంట్సిన్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులు స్కాట్లండు దేశస్థులు. లండన్ మిషనరీ సంఘము పక్షమున అచ్చట సువార్త పని చేయుచుండిరి. ఈ సంఘము మనకు క్రొత్తది కాదు. 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అను ఇరువురు దొరలను విశాఖపట్టణమునకు పంపి తెలుగువారి మధ్య పని ఆరంభించినది ఈ సంఘమే. ఎరిక్‌కు ఆరేండ్లు నిండిన పిమ్మట, 1908లో, అన్నయగు రాబర్టుతో కూడ అతనిని ఇంగ్లండులో మిషనరీల కుమారుల కొరకు స్థాపింపబడిన వసతి పాఠశాలలో చేర్చిరి. తలిదండ్రులు మరల చైనాకు వెడలిపోయిరి. అది మొదలు ఆ బాలురు తల్లి ముఖమును, తండ్రి ముఖమును చూచుట ఏండ్లకొకసారి మాత్రమే, నడుమనంతయు ఉత్తరములే. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. ముప్పదియైదేండ్ల తరువాత మరియొక చోట దీనితో పని గలదు.

ఆ పాఠశాల 1912లో మాటింగ్‌హామ్ అను చోటికి తరలి, ఎల్థామ్ కాలేజి అను పేరుతో ప్రసిద్ధి కెక్కెను. ఎరిక్ అచ్చట సిగ్గరి, మితభాషి. అయితే మైదానమున దిగినప్పుడు మాత్రము అన్నదమ్ములిద్దరే బహుమానములను పంచుకొనుచుండిరి. ఈ కాలమున అతనికి పరుగు నేర్పినవారెవ్వరును లేరు. ఉన్న వేగమంతయు పుట్టుకతో వచ్చినదే. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిమర రెక్కలవలె త్రిప్పుచు పరుగెత్తు ఒక విచిత్రమైన తీరు అతనికి అప్పుడే అలవడెను. చూచువారు నవ్వుచుండిరి. అతడు గెలుచుచుండెను.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్ర విద్యార్థిగా చేరిన పిమ్మట 1921 వేసవిలో ఒక స్నేహితుడు అతనిని విశ్వవిద్యాలయపు ఆటల పోటీలకు రమ్మని బలవంతపెట్టెను. ఎరిక్‌కు అంతగా ఇష్టము లేదు. స్నేహితులతో సైకిలుమీద బెన్ నెవిస్ పర్వతము వరకు పోయి వచ్చుటచే కాళ్ల కండరములు బిగిసికొని యుండెను. అయినను పోయి, 100 గజముల పందెమున అంగుళముల తేడాలో గెలిచెను. ఆ తరువాతనే టామ్ మెకర్చర్ అను శిక్షకుడు అతనిని తన చేతిలోనికి తీసికొనెను.

ఈ మెకర్చర్‌ను గూర్చి లోకమునకు తెలిసినది స్వల్పము. ఎడిన్‌బరోలో ఒక ముద్రణాలయమున కాగితపు పని చేసి జీవించినవాడు. తీరికవేళలలో విశ్వవిద్యాలయపు పరుగువారికి తర్ఫీదు ఇచ్చుచుండెను. పండితుడు కాడు, ప్రసిద్ధుడు కాడు. ఎరిక్ తన మొదటి అభ్యాసమును గూర్చి తరువాత నవ్వుచు చెప్పుకొనెడి కథ ఒకటి కలదు. తన వేగమును చూపవలెనని శక్తికొలది పరుగెత్తి, గీటు దాటగానే ఉన్నపాటున ఆగి, శిక్షకుని మెప్పునకై ఎదురుచూచెను. మెప్పు రాలేదు. అట్లు దబ్బున ఆగినయెడల కండరములు తెగిపోవునని హెచ్చరిక మాత్రము వచ్చెను. కాళ్లను బాగుగా మర్దించి మెత్తబరచినగాని ఇక పందెమునకు దిగరాదని తీర్పు చెప్పి, మెకర్చర్ తన చేతులతోనే ఆ కాళ్లను పిసికి, గ్రుద్ది, రుద్ది సాగదీసెను. పౌడర్‌హాల్ అను మైదానమున పరుగును వృత్తిగా గలవారు మునివ్రేళ్లపై నిలిచి గంతులు వేయుచు, అడుగులు ముందుకు వెనుకకు వేయుచు నుండగా చూచి, ఇది ఏమి నాట్యమని ఎరిక్ మొదట సిగ్గుపడెను. కొన్ని వారములలో తానును అదే నాట్యము చేయుచుండెను.

ఇచ్చట మెకర్చర్ చేసినదానికంటె చేయనిది గమనింపదగినది. పందెము ఆరంభించు తీరును దిద్దెను. కండరములను కాపాడు విధము నేర్పెను. ఎప్పుడు పరుగెత్తవలెనో, ఎప్పుడు విశ్రమింపవలెనో చెప్పెను. కాని తల వెనుకకు వాల్చి చేతులు త్రిప్పు ఆ వింత పరుగు 1921లో ఎట్లుండెనో 1924లో పారిసునందును అట్లే యుండెను. శాస్త్రము తెలిసిన ఏ శిక్షకునికైనను అది కంటిలో నలుసువంటిది. దానిని బలవంతముగా మార్పించియుండిన, మార్పు వచ్చెడిదేమో గాని, పరుగులో అతనికి గల ఉల్లాసము మిగిలెడిదా యని నా సందేహము. పరుగెత్తునప్పుడు తన్ను సృజించినవానిని సంతోషపెట్టుచున్నానను తలంపు అతని లోపల నుండెను. ఆ తలంపును పుట్టించినది మెకర్చర్ కాదు. కాని దాని త్రోవకు అడ్డము రానివాడు మెకర్చర్.

ఈ చోట నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఉపాధ్యాయుడనైన తొలి సంవత్సరములలో ఆటల పర్యవేక్షణ నాకు అప్పగించిరి. ఒక బాలుడు కాలిని ప్రక్కకు విసరుచు పరుగెత్తెడివాడు. దానిని మాన్పింపవలెనని మైదానమున నలుగురి యెదుట అతని నడకను అనుకరించి చూపితిని. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. ఆ బాలుడు మరునాడు రాలేదు. ఆ సంవత్సరమంతయు మైదానపు దరికి రాలేదు. శిక్షణ కళాశాలలో బోధనా పద్ధతులను గూర్చి పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడనైతిని గాని, ఆ దినమున నేను చేసినది ఏ పద్ధతియో నాకు ఇప్పటికిని తెలియదు.

అదే కాలమున ఇంగ్లండులో మరియొక శిక్షకుడు మరియొక విధముగా పని చేయుచుండెను. ఆయన పేరు సామ్ ముస్సబీని. 1908లో లండను ఒలింపిక్ పోటీలయందు 100 మీటర్లు గెలిచిన రెగ్గీ వాకర్‌కును, 1920లో ఆంట్‌వెర్ప్‌నందు 800, 1500 మీటర్లు రెండును గెలిచిన ఆల్బర్ట్ హిల్‌కును శిక్షకుడీయనయే. కేంబ్రిడ్జి విద్యార్థియైన హెరాల్డ్ అబ్రహామ్స్ ఈయనను ఆశ్రయించెను. అబ్రహామ్స్ యూదుడు, తన జాతిని చిన్నచూపు చూచువారి మధ్య తానెవడో నిరూపించుకొనవలెనను తపన అతనికి మెండు. ముస్సబీని అతని ప్రతి అడుగును కొలిచెను. అడుగు పడవలసిన చోట కాగితపు ముక్కలు వేసి, వాటిపై కాలు మోపునట్లు సాధన చేయించెను. అడుగు పొడవును తగ్గించెను. చేతుల ఊపును దిద్దెను. గీటు వద్ద రొమ్మును ముందుకు వాల్చు ఒడుపును నేర్పెను. మెకర్చర్ విడిచినదానినంతటిని ముస్సబీని పట్టుకొనెను. ఫలితము లోకమెరిగినదే: 1924 జూలై 7వ తేదీన అబ్రహామ్స్ 10.6 సెకండ్లలో 100 మీటర్ల బంగారు పతకమును గెలిచెను. జీతము పుచ్చుకొను శిక్షకులను నాటి ఆటల పెద్దలు నీచముగా చూచుచుండుటచే ముస్సబీనికి జట్టుతో కూడ స్థానము లేకపోయెను. తన శిష్యుని గెలుపును ఆయన మైదానమున నిలిచి చూడలేదు. దాపుననున్న బసనుండి తెలిసికొనెనని చెప్పుదురు. 1927లో చనిపోయెను.

కావున కఠినముగా కొలిచి నేర్పువాడు చెడ్డవాడనియు, మెల్లగా విడిచిపెట్టువాడు మంచివాడనియు త్వరపడి తీర్పు చెప్పరాదు. అబ్రహామ్స్ మనస్సు ప్రతి చిన్న లోపమును వెదకి దిద్దుకొన గోరినది. అతనికి ముస్సబీని తగినవాడు. ఆ ఇరువురు శిక్షకులను తారుమారు చేసియుండిన, పారిసులో ఆ రెండు పతకములును రాకపోయి యుండునని నా నమ్మకము.

ఎరిక్ విషయమునకు వత్తము. 1922, 1923 సంవత్సరములలో అతడు స్కాట్లండు పక్షమున ఏడు మార్లు రగ్బీ ఆడి, ఆ పిమ్మట పరుగుకొరకు ఆ ఆటను విడిచెను. 1923 జూలైలో లండనునందు జరిగిన జాతీయ పోటీలలో 100 గజములను 9.7 సెకండ్లలో పరుగెత్తెను. ఆ లెక్కను బ్రిటిషువారిలో మించినవాడు 35 సంవత్సరముల వరకు లేడు. మరుసటి వారమే స్టోక్‌నందు 440 గజముల పందెములో, ఆరంభమైన కొన్ని గజములకే ప్రక్కవాని త్రోపుడుచే బాట వెలుపల పడెను. పందెము పోయినదనుకొని నిలిచియుండగా, లేచి పరుగెత్తుమని అధికారులు చేయి ఊపిరి. తక్కినవారు అప్పటికి ఇరువది గజములు ముందుండిరి. లేచి, తల వెనుకకు వాల్చి, అందరిని దాటి గెలిచి, గీటు వద్ద స్పృహ తప్పినంత పనియయ్యెను.

ఆ యేటనే, ఏప్రిలు మాసమున, ఆర్మడేల్ అను బొగ్గుగనుల ఊరిలో ఎరిక్ మొట్టమొదట సభలో నిలిచి తన విశ్వాసమును గూర్చి మాటలాడెను. సిగ్గరికి అది సులభమైన పని కాదు. పరుగువాడు మాటలాడునని విని గనికార్మికులు వచ్చిరి.

ఇక ప్రసిద్ధమైన ఆదివారపు సంగతి. చిత్రములో, పారిసునకు పోవు ఓడ ఎక్కుచున్నప్పుడు, 100 మీటర్ల తొలి పందెములు ఆదివారమున జరుగునని ఎరిక్‌కు తెలిసినట్లు చూపిరి. అది నిజము కాదు. పట్టిక నెలల ముందుగనే వెలువడెను. అతడు అప్పుడే తన నిశ్చయమును తెలిపెను. ఈ తేడా చిన్నది కాదు. ఓడమీద ఒక్క ఘడియలో చేసిన నిశ్చయము వేరు; నెలల తరబడి పత్రికల నిందలు వినుచు, దేశమునకు ద్రోహము చేసినాడను మాట పడుచు, దినదినమును నిలుపుకొనిన నిశ్చయము వేరు. 100 మీటర్లు అతని పందెము. గెలుచునని అందరు ఎదురుచూచినది అదియే. దానితో పాటు, ఆదివారమున పడిన రెండు జట్టు పరుగులను కూడ విడిచెను.

శిక్షకుని గుణము తెలియునది ఇట్టి సమయముననే. తాను మూడేండ్లు మెరుగుపెట్టిన కత్తిని పోటీదినమున ఒరనుండి తీయనని చెప్పువానితో ఏ శిక్షకుడు ఓర్చుకొనగలడు? మెకర్చర్ ఆ నిశ్చయమును మార్ప యత్నించినట్లు ఎచ్చటను కానరాదు. ఎరిక్‌ను 400 మీటర్లకు సిద్ధపరచెను. అది సులభము కాదు. 100 మీటర్లు పది సెకండ్ల మెరుపు. 400 మీటర్లకు ఊపిరిని పొదుపుగా వాడుకొనవలెను. 1924 జూనులో ఎరిక్ జాతీయ పోటీలయందు 440 గజములను 49.6 సెకండ్లలో గెలిచెను. మంచి కాలమే గాని, ఒలింపిక్ బంగారమునకు చాలునని ఎవరును తలంపలేదు.

జూలై 6వ తేదీ ఆదివారమున 100 మీటర్ల తొలి పందెములు జరుగుచుండగా ఎరిక్ మైదానమునకు పోలేదు. జూలై 9న 200 మీటర్లలో మూడవవాడై కంచు పతకము పొందెను. జూలై 11వ తేదీ శుక్రవారము 400 మీటర్ల కడపటి పందెము. ఆ వారములోనే స్విట్జర్లండు దేశస్థుడు ఇంబాక్ 48.0 సెకండ్లతోను, అమెరికావాడగు ఫిచ్ 47.8 సెకండ్లతోను ఒకరి వెనుక నొకరు క్రొత్త లెక్కలు నెలకొల్పియుండిరి. ఉదయమున బసనుండి బయలుదేరునప్పుడు, జట్టువారి ఒళ్లు మర్దించు పనివారిలో ఒకడు ఎరిక్ చేతిలో మడిచిన చీటి ఒకటి పెట్టెను. దేవుని ఘనపరచువారిని దేవుడు ఘనపరచునను భావముగల సమూయేలు గ్రంథపు వాక్యము అందు సూచింపబడియుండెను. దొరలను గాని దేశప్రముఖులను గాని తలంపక, కాళ్లు పిసుకు ఒక కూలివాని చీటిని అతడు జీవితమంతయు స్మరించెను. మెకర్చర్ చేతిలో మూడేండ్లు మర్దనము పొందినవానికి అట్టి చేతుల విలువ తెలియును గదా.

ఎరిక్‌కు దొరికినది అన్నిటికంటె బయటి బాట. తక్కినవారు వెనుకనుందురు గనుక వారెంత దూరముననున్నారో కానరాదు. ఆ కాలమున కాలు మోపి ఎగురుటకు కొయ్య ఆధారములు లేవు; పరుగువారు చిన్న తాపీతో నేలలో గుంటలు త్రవ్వుకొనెడివారు. ఎరిక్ తన అలవాటు చొప్పున పోటీదారులందరితో చేయి కలిపెను. తుపాకి మ్రోగగానే, 400 మీటర్లను 100 మీటర్లవలె పరుగెత్త నారంభించెను. సగము దూరమును 22.2 సెకండ్లలో దాటినప్పుడు, ఇతడు నడుమనే కూలిపోవునని తెలిసినవారు తలలు ఊపిరి. కూలలేదు. తల వెనుకకు వాలెను, చేతులు గాలిమరలైనవి. 47.6 సెకండ్లు. ఫిచ్ రెండవవాడు, ఇంగ్లండువాడగు బట్లర్ మూడవవాడు.

అవే పోటీలకు మన దేశమునుండి పోయిన జట్టును నడిపినవాడు మద్రాసు వై.యం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును 1920లో స్థాపించిన హారీ బక్ దొర. మన ఆంధ్ర దేశపు పాఠశాలలలో పని చేసిన డ్రిల్లు మాష్టరులు అనేకులు ఆ విద్యాలయమున తర్ఫీదు పొందినవారే యగుటచే, ఆ సంగతి ఇచ్చట చెప్పకుండ పోలేకపోయితిని.

పారిసునుండి వచ్చిన కొలది దినములకు, జూలై 17న, ఎరిక్ ఎడిన్‌బరోలో పట్టము పుచ్చుకొనెను. విద్యార్థులు అతని తలపై ఆకుల కిరీటముంచి, భుజములపై ఎత్తుకొని వీధుల వెంట ఊరేగించిరి. ధనము, పేరు, ఉద్యోగము అన్నియు అప్పుడు అందుబాటులోనే యుండెను. మరుసటి సంవత్సరము, 1925లో, చైనాకు బయలుదేరెను.

టియెంట్సిన్‌లోని ఆంగ్లో-చైనీసు కాలేజిలో ఆయన విజ్ఞానశాస్త్రమును బోధించుచు ఆటలను నడుపుచుండెను. ఒకప్పుడు నేర్చుకొన్నవాడు ఇప్పుడు నేర్పువాడయ్యెను. ఆ పట్టణమున మిన్ యువాన్ అను క్రీడా మైదానమును కట్టినప్పుడు ఆయన సలహా తీసికొనిరి. 1932లో బోధకుడుగా అభిషేకము పొందెను. 1934లో కెనడా మిషనరీల కుమార్తెయైన ఫ్లారెన్స్ మకెంజీని పెండ్లాడెను. 1937 మొదలు షియాచాంగ్ అను పల్లెప్రాంతమున, జపాను సైన్యము ఒక వైపు, చైనా సైన్యములు మరియొక వైపు పోరాడుచుండగా, సైకిలుమీద ఊరూరు తిరిగి పని చేసెను. అచ్చటి ఆసుపత్రిలో అన్న రాబర్టు వైద్యుడు. 1941లో కీడు సమీపించుట చూచి, గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపెను. మూడవ కుమార్తెను ఆయన కన్నులార చూడనేలేదు.

1943 మార్చిలో జపానువారు ఆయనను వెయిహ్సియన్ అను చోట నిర్బంధ శిబిరమున ఉంచిరి. పూర్వము అది అమెరికా ప్రెస్బిటేరియను మిషను ఆవరణము. ఆ ఇరుకు గోడల నడుమ పదునైదు వందలమందికి పైగా జనులు. చీఫూ పట్టణమునందలి మిషనరీల బిడ్డల పాఠశాలను కూడ, బాలబాలికలతోను ఉపాధ్యాయులతోను, ఆ శిబిరమునకే తరలించిరి. ఆ పిల్లలలో అనేకులు ఏండ్ల తరబడి తలిదండ్రులను చూడనివారు; వారెక్కడ నున్నారో, బ్రతికియున్నారో లేదో తెలియనివారు. ఆరేండ్ల ప్రాయమున అట్టి పాఠశాలలో విడువబడిన ఎరిక్‌కు ఆ ముఖములు క్రొత్తవి కావు. తన బిడ్డలును అప్పుడు సముద్రముల కావల నుండిరి. పిల్లలు ఆయనను ఎరిక్ మామ అని పిలువసాగిరి.

ఆయన వారికి గణితము, విజ్ఞానశాస్త్రము చెప్పెను. ప్రయోగశాల లేదు గనుక, రసాయన పరికరముల బొమ్మలను చేతితో గీసి, ప్రయోగములను కాగితముమీదనే చూపెను. సాయంకాలములందు ఆటలు ఏర్పాటు చేసెను. విరిగిన హాకీ కర్రలకు పాత గుడ్డపీలికలు చుట్టి, జిగురు పూసి బాగుచేసెను. ఒలింపిక్ విజేతయని చెప్పుకొనుట ఆయనకు లేదు; ఆయన ఎవరో ఇతరులు చెప్పగా విన్న పిల్లలు కలరు. శిబిరములో జరిగిన పందెములలో తానును పరుగెత్తి, చివరికి ఒకదానిలో ఒక యువకునికి ఓడెను. అప్పటికే తలలో ప్రాణాంతకమైన వ్రణము పెరుగుచుండెనని ఆయనకును తెలియదు, ఇతరులకును తెలియదు.

ఇప్పుడు నేను ముఖ్యమని యెంచు సంగతికి వచ్చితిని. శిబిరమునందును ఎరిక్ ఆదివారమున ఆటలు జరుపలేదు. పారిసులో బంగారమునే విడిచినవాడు హాకీ బంతికై నియమమును విడుచునా? పిల్లలకు మాత్రము ఆదివారము దీర్ఘమైన దినము. చేయుటకు పని లేదు, పోవుటకు చోటు లేదు. కొందరు బాలురు, ఆయనకు ఇష్టము లేదని తెలిసియు, తామే ఒక ఆదివారమున హాకీ ఆడిరి. పెద్దవారు ఎవరును లేకపోవుటచే ఆట తగవులోనికి దిగి, కర్రలతో కొట్టుకొనువరకు వచ్చెను.

ఆ సమయమున ఒక బోధకునికి రెండు త్రోవలు కనబడును. నేను చెప్పలేదా యని మందలించి, మైదానమును మూయించుట ఒకటి. తెలియనట్లు ఊరకుండుట మరియొకటి. ఎరిక్ ఈ రెండును చేయలేదు. తరువాతి ఆదివారమున మధ్యవర్తిగా ఈల పట్టుకొని తానే మైదానమునకు వచ్చెను. ఆ బాలురను మందలించినట్లు చెప్పినవారు లేరు. తన నమ్మకము తప్పని ఒప్పుకొన్నట్లు చెప్పినవారును లేరు. తన కొరకు ఆదివారమున ఆయన ఎన్నడును పరుగెత్తలేదు. పిల్లలు ఒకరినొకరు గాయపరచుకొనకుండుటకు ఆదివారమున నిలుచుండెను.

దీనిని చదివి, నియమము సడలినదని విచారించు భక్తులు కలరు. వారి మనస్సును నేను తీసివేయను. నేనును ఆదివారమును ఆచరించు కుటుంబమున పెరిగినవాడనే. అయితే 1924లో పోగొట్టుకొన్నది తన పతకము. 1944లో చెడునవి ఇతరుల బిడ్డలు. రెండును ఒకే తూనికరాతితో తూచదగినవి కావని ఆయనకు తెలిసియుండెనని నాకు తోచుచున్నది. మెకర్చర్ ఒకప్పుడు తన్ను ఎట్లు విడిచెనో, ఎట్లు కాపాడెనో, ఆ రెండును ఆ ఈలలో వినబడుచున్నవి.

1945 చలికాలమున ఆయనకు తలనొప్పి మిక్కుటమయ్యెను. అధిక శ్రమచే మనస్సు క్రుంగినదని వైద్యులు మొదట తలంచిరి. ఆ దినములలో, చీఫూ బాలురలో ఒకడు చినిగిన జోళ్లతో మంచులో నడచుచుండుట చూచి, తన పరుగు జోళ్లను అతనికిచ్చెను. అవియును చినిగి దారముతో కుట్టబడినవే. తమ్ము బంధించినవారి కొరకు ప్రార్థింపవలెనని ఆయన చెప్పిన వేదపాఠమును అంతకుముందే ఆ బాలుడు వినియుండెను. ఫిబ్రవరి 21వ తేదీన ఎరిక్ లిడ్డెల్ శిబిరపు ఆసుపత్రిలో మరణించెను. వయస్సు 43 సంవత్సరములు. జపాను అధికారుల ఇండ్ల వెనుక తోటలో ఆయనను పాతిపెట్టి, కొయ్య సిలువ నాటి, దానిపై జోళ్లకు పూయు నల్లరంగుతో పేరు వ్రాసిరి. ఆరు నెలలు గడవకముందే, ఆగస్టు 17న, శిబిరమునకు విడుదల కలిగెను. 1991లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమువారు స్కాట్లండునుండి తెచ్చిన రాతితో అచ్చట స్మారకము నిలిపిరి.

జోళ్లను పుచ్చుకొన్న బాలుడు యుద్ధానంతరము పెరిగి పెద్దవాడై, 1952లో మిషనరీగా జపాను దేశమునకు పోయి, దాదాపు నలుబది సంవత్సరములు ఆ ప్రజల మధ్య పని చేసెను.